ఐసీయూ వదిలి స్పెషాలిటీ కోర్సుకి కోర్స్ మేనేజర్‌గా వెళ్ళాలా? ఈ పని చేసినవాళ్ళు కాస్త చెప్పండి

ఐసీయూ_నైట్_డ్యూటీ అడిగారు:

అందరికీ నమస్తే అండి. నేను ఐసీయూలో 11 ఏళ్ళ నుంచి చేస్తున్నా, అందులో చివరి 4 ఏళ్ళు షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా. మా ఆస్పత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీలో క్రిటికల్ కేర్ స్పెషాలిటీ కోర్సు ఉంది, కొత్తగా నర్సింగ్ చదివేవాళ్ళకి కాదు, ఆల్రెడీ రిజిస్ట్రేషన్ ఉండి వార్డుల్లో డ్యూటీ చేస్తున్నవాళ్ళకి, ఉద్యోగం చేసుకుంటూనే ఏడాది పాటు చదువుతారు. దాన్ని ఇన్నాళ్ళూ చూసుకున్న మేడమ్ రిటైర్ అవుతున్నారు, కోర్స్ మేనేజర్‌గా నువ్వొస్తావా అని నన్ను అడిగారు. రెండు వారాల్లో చెప్పాలి.

జాబ్ డిస్క్రిప్షన్ ఇచ్చారు, మూడుసార్లు చదివా. కో-ఆర్డినేషన్, క్వాలిటీ, కరికులమ్ రివ్యూ అని ఉంది తప్ప పొద్దున్నే ఆఫీసుకెళ్ళి కూర్చుంటే ఏ పని ముందు మొదలుపెట్టాలో దాన్ని బట్టి తెలియట్లేదు. బెడ్ పక్కన నిలబడి జూనియర్స్‌కి నేర్పడం నాకు వచ్చు, ఇష్టం కూడా. కానీ క్వశ్చన్ పేపర్ ఎప్పుడూ సెట్ చేయలేదు, ఒకళ్ళని పాస్ ఫెయిల్ అని తేల్చే కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు.

అసలు ఈ పని గురించి ఆలోచించేలా చేసిన విషయం ఒకటి చెప్తాను. ఇలాంటి కోర్సే పాసయి వచ్చిన ఒక నర్సు మా యూనిట్‌లో చేరింది. ఏఆర్‌డీఎస్ పేషెంట్, అంటే ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న మనిషి, ఆడమనిషి, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 85 కిలోలు. వెంటిలేటర్ మీద టైడల్ వాల్యూమ్, అంటే ఒక్కో శ్వాసకి మెషీన్ పంపే గాలి, 510 మి.లీ. నడుస్తోంది, ఈ అమ్మాయి గంట గంటకీ నీట్‌గా చార్ట్ చేసుకుంటూ పోతోంది. నేను రౌండ్‌కి వచ్చి ఇదేంటమ్మా అంటే కిలోకి 6 మి.లీ. మేడమ్, కరెక్టే కదా అంది. 85ని 6తో గుణిస్తే 510, నిజమే. కానీ లెక్క ఎత్తుని బట్టి వచ్చే బరువు మీద కదా వేయాల్సింది, ఆమెకి అది 52 కిలోల చిల్లర, అంటే వాల్యూమ్ 315 దగ్గర ఉండాలి. 2000లో వచ్చిన ఆ పెద్ద ట్రయల్‌లో కిలోకి 12 మి.లీ. నుంచి 6 మి.లీ.కి తగ్గిస్తేనే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31 శాతానికి దిగాయని మనందరం చదువుకున్నదే. వెంటనే డాక్టర్‌కి చెప్పి మార్పించాం. తర్వాత ఆ అమ్మాయిని ఫార్ములా రాయమంటే తడుముకోకుండా రాసింది! అంటే తెలుసు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది, వార్డులో ఏ పని వచ్చో చూసి సంతకం పెట్టే లాగ్‌బుక్‌లో వెంటిలేటర్ పేజీలో సంతకం కూడా ఉంది. మరి ఆ సంతకం ఎవరు పెట్టారు, ఏం చూసి పెట్టారు అని అప్పట్నుంచి నా మనసులో తిరుగుతూనే ఉంది.

ఈ పనిలో ఉన్నవాళ్ళు, ఉండి వదిలేసినవాళ్ళు కూడా, అసలు రోజూ ఏం చేస్తారో చెప్పండి. చేతిలో ఉన్న పని మర్చిపోతానేమో అన్న భయం ఒకటి ఉంది. అలాగే నాతో కలిసి నైట్లు చేసినవాళ్ళే రేపు నా స్టూడెంట్స్ అవుతారు, అది ఎలా ఉంటుందో కూడా చెప్పండి.

—

కోర్సు_టేబుల్ రాశారు:

సిస్టర్, నేను 9 ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నా, మాది ఎమర్జెన్సీ నర్సింగ్ కోర్సు. మీరు చివర్లో అడిగిన సంతకం ప్రశ్న ఉంది చూశారా, ఈ ఉద్యోగం మొత్తం అదే. మిగతావన్నీ ఆ సంతకం నిజం కావడానికి చేసే ఏర్పాట్లు.

క్లాసులు చెప్పడం ఇందులో చిన్న భాగం. నేను వారంలో ఒక రోజు చెప్తానేమో. మిగతా టైమంతా వార్డ్ ఇన్‌ఛార్జ్‌లతో, వార్డులో స్టూడెంట్స్‌ని దగ్గరుండి చూసే మెంటార్లతో, లెక్చర్‌కి రావాల్సిన డాక్టర్లతో, ఫార్మసీ వాళ్ళతో, ఎగ్జామ్ సెక్షన్‌తో మాట్లాడటమే. బ్యాచ్ మొదలవడానికి ఆరు నెలల ముందే పని మొదలవుతుంది. ఏ యూనిట్‌లో ఏ నెలలో ఎంతమందికి చోటుంది, అక్కడ ట్రెయిన్ అయిన మెంటార్లు ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఎవరు లీవ్‌లో వెళ్తున్నారు, ఇవన్నీ ముందే తేల్చుకోకపోతే మూడో నెలకల్లా మొత్తం చిక్కుపడిపోతుంది.

మొదటి పెద్ద గొడవ రోస్టర్ దగ్గరే వస్తుంది. స్టూడెంట్ అంటే మనకి నేర్చుకునే మనిషి, వార్డుకి మాత్రం రెండు చేతులు. స్టాఫ్ తక్కువైన రోజు ఇన్‌ఛార్జ్ ఆ స్టూడెంట్‌ని లెక్కలో కలిపేసి రెండు బెడ్లు అప్పజెప్పేస్తుంది, ఆవిణ్ణి తప్పు పట్టలేం, ఆవిడ ముందు పేషెంట్లు ఉన్నారు. నా రెండో బ్యాచ్‌లో సరిగ్గా ఇదే అయింది. అందరికీ క్లినికల్ గంటలు ఫుల్లుగా ఉన్నాయి, రిజిస్టర్ చూస్తే ముచ్చటేసింది, తీరా ఎనిమిదో నెలలో కూర్చోబెట్టి అడిగితే ఐదుగురు ఇంట్యుబేషన్‌కి, అంటే గొంతులోకి శ్వాస గొట్టం వేసే పనికి, ఒక్కసారి కూడా అసిస్ట్ చేయలేదు. గంటలన్నీ మామూలు డ్యూటీలోనే కరిగిపోయాయి. అది పూర్తిగా నా తప్పు, గంటలు లెక్కపెట్టాను గానీ ఆ గంటల్లో ఏం చూశారో లెక్కపెట్టలేదు.

అప్పట్నుంచి ఒక పెద్ద షీట్ పెట్టుకున్నా. అడ్డంగా స్టూడెంట్ల పేర్లు, నిలువుగా తప్పక చూడాల్సినవి, చేయాల్సినవి. ప్రతి రెండు వారాలకీ నింపుతాం. ఖాళీలు ఎక్కడ మిగిలాయో కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అప్పుడు ఆ పిల్లని ఆ అవకాశం ఉన్న చోటికి పంపిస్తా. ఈ ఒక్క షీట్ కోర్సుని మార్చేసింది అని గట్టిగా చెప్పగలను. దానితో పాటు అడ్మిషన్ ఇచ్చేముందే యూనిట్ హెడ్‌తో రాతపూర్వకంగా ఒప్పందం: నెలలో ఇన్ని షిఫ్టులు ఈమెని డ్యూటీ స్టాఫ్ లెక్కలో కలపకూడదు, క్లాస్ రోజు ముందు రాత్రి నైట్ వేయకూడదు. మాటగా ఒప్పుకున్నది స్టాఫ్ తక్కువైన రోజు నిలవదు, కాగితం మీద ఉంటే కనీసం ఫోన్ చేసి అడిగే హక్కు మనకి ఉంటుంది.

సిలబస్ గురించి ఒక మాట. పాత కరికులమ్ మీ చేతికి వస్తుంది, అందులో ముందు అనాటమీ, తర్వాత ఫిజియాలజీ, తర్వాత జబ్బులు, చివర్లో మెషీన్లు అని ఉంటుంది. మీరు చివర్నుంచి మొదలుపెట్టండి. ఏడాది అయ్యాక ఈ నర్సు బెడ్ పక్కన ఒంటరిగా ఏం చేయగలగాలి అని రాసుకోండి, దాన్ని ఎలా చూసి నమ్ముతాం అని రాసుకోండి, ఆ తర్వాతే ఏం చెప్పాలి అన్నది. బిగ్స్ అనే ఆయన 1996లో కన్‌స్ట్రక్టివ్ అలైన్‌మెంట్ అన్నది దీన్నే, పేరు పెద్దగా ఉంది గానీ చెప్పేది, నేర్పేది, పరీక్ష పెట్టేది మూడూ ఒకటే అయి ఉండాలి అంతే. మీ టైడల్ వాల్యూమ్ అమ్మాయి విషయంలో ఆ మూడూ మూడు దారుల్లో పోయాయి.

లెక్చర్ రోజు డాక్టర్ రాకపోతే? వస్తారు, రారు, ఆపరేషన్ పడితే రారు. ప్రతి టాపిక్‌కీ ఒక కేస్ షీట్ రెడీగా పెట్టుకోండి, ఆయన రాకపోతే మీరే కేసు మీద చర్చ నడపండి. నాకైతే కొన్నిసార్లు లెక్చర్ కంటే ఆ చర్చలోనే పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారనిపించింది.

—

నియోనేటల్_టీచర్ రాశారు:

పై మేడమ్ రోస్టర్ గురించి చెప్పింది అక్షరాలా నిజం, నేను అసెస్‌మెంట్ గురించి మాత్రం చెప్తాను, నేను ప్రాణం పెట్టే విషయం అది.

మిల్లర్ 1990లో ఒక పిరమిడ్ గీశాడు. కింద తెలుసు, దాని మీద ఎలాగో తెలుసు, ఆపైన చేసి చూపించగలరు, పైన కొసన నిజంగా డ్యూటీలో చేస్తారు. మీ అమ్మాయి కింది మెట్టులో ఫస్ట్ క్లాస్, పై మెట్టులో ఎవరూ ఆమెని చూడలేదు. మనం పెట్టే రాతపరీక్ష కింది రెండు మెట్లే కొలుస్తుంది, ఎంత కష్టమైన పేపర్ ఇచ్చినా సరే. చేసి చూపించడం కోసం హార్డెన్ 1975లో ఓస్కీ తెచ్చాడు, స్టేషన్లు పెట్టి అందరికీ ఒకే పని, ఒకే టైమ్, ఒకే చెక్‌లిస్ట్. చివరి మెట్టు మాత్రం వార్డులోనే, మెంటార్ కళ్ళ ముందే తేలుతుంది. దానికి షార్ట్‌కట్ లేదు.

ఓస్కీ స్టేషన్ రాయడం మొదట్లో నాకూ రాలేదు. ఆర్టీరియల్ లైన్ (ధమనిలో సన్న గొట్టం పెట్టి బీపీ చూడటం) స్టేషన్‌లో గ్లవ్స్ వేసుకుందా, పేరు అడిగిందా, చేయి కడుక్కుందా అని 20 టిక్కులు పెట్టాం. ఆ బీపీ కొలిచే ట్రాన్స్‌డ్యూసర్‌ని గుండె లెవెల్‌కి 10 సెంటీమీటర్లు కిందకి వదిలేసిన పిల్ల కూడా 17 తెచ్చుకుని పాసైపోయింది. 10 సెంటీమీటర్లు కిందుంటే రీడింగ్ 7 ఎంఎంహెచ్‌జీ పైచిలుకు ఎక్కువ చూపిస్తుంది, నిజంగా బీపీ పడిపోతున్న పేషెంట్‌కి అంతా బాగుందనుకుంటాం. మర్యాదలకి 17 మార్కులు, ప్రాణం నిలిపే పనికి 1 మార్కు, అలా తయారుచేశాం ఆ స్టేషన్‌ని. అప్పుడు మార్చాం: కొన్ని పనులు తప్పితే మిగతా మార్కులు ఎన్ని వచ్చినా ఆ స్టేషన్ ఫెయిల్. మా పసిపిల్లల వార్డులో దశాంశ బిందువు ఒక్కచోటు జరిగితే మందు పదిరెట్లు వెళ్ళిపోతుంది, 900 గ్రాముల బిడ్డకి అది వెళ్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి మా డోస్ స్టేషన్‌లో పదిరెట్ల తప్పుకి క్షమాపణ లేదు, మళ్ళీ నేర్చుకుని మళ్ళీ రావాల్సిందే.

పాస్ మార్కు ఎంత అన్నది ఇంకో సంగతి. 50 అని ఎప్పట్నుంచో ఉంది కాబట్టి 50 అంటే కుదరదు. యాంగాఫ్ పద్ధతి అని ఒకటుంది, ఆరేడుగురు టీచర్లు, బెడ్‌సైడ్ నర్సులు కూర్చుని, పాస్‌కీ ఫెయిల్‌కీ అంచు మీదున్న స్టూడెంట్‌ని మనసులో పెట్టుకుని, ఇలాంటి వందమందిలో ఈ ప్రశ్నకి ఎంతమంది కరెక్ట్‌గా రాస్తారు అని ఒక్కో ప్రశ్నకీ అంచనా వేసి సగటు తీస్తారు. మధ్యాహ్నమంతా పడుతుంది. కానీ ఆ గదిలో జరిగే వాదన ఉంది చూడండి, ఈ ప్రశ్నకి 40 మందే అని ఒకరు, 90 మందికి రావాల్సిందే, రాకపోతే ఐసీయూలో ఉండకూడదు అని ఇంకొకరు, అందులోనే మన కోర్సు స్థాయి ఏంటో మనకి తెలుస్తుంది. మొదటి ఏడాదే ఇది పెట్టించండి.

—

వార్డు_మెంటార్ రాశారు:

నేను టీచర్ని కాదు, డయాలసిస్ యూనిట్‌లో మెంటార్‌ని. ఆ లాగ్‌బుక్‌లో సంతకాలు పెట్టేది మాలాంటివాళ్ళే కాబట్టి మా వైపు కూడా వినండి.

ఒకసారి నేను పెట్టకూడని సంతకం పెట్టాను. ఆ పిల్ల మంచిది, కష్టపడేది, పేషెంట్లతో ప్రేమగా మాట్లాడేది. కానీ మెషీన్ అలారం మోగితే ముందు సైలెంట్ నొక్కేది, తర్వాత ఎందుకు మోగిందో చూసేది, కొన్నిసార్లు చూసేది కాదు. రెండో వారంలోనే నాకు అర్థమైంది. చెప్దాం చెప్దాం అనుకుంటూనే డ్యూటీ హడావుడిలో రోజులు గడిచిపోయాయి, గట్టిగా చెప్తే బాధపడుతుందేమో, నెమ్మదిగా తనే నేర్చుకుంటుందిలే అనుకున్నా. పోస్టింగ్ ఆఖరి రోజు లాగ్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది. అప్పటిదాకా ఒక్క మాట అననిదాన్ని ఇప్పుడు ఫెయిల్ అంటే అది న్యాయమా? పైగా ఇంట్లో ఎవరికో బాగోలేదంది. పెట్టేశా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత మెంటార్ ట్రెయినింగ్‌లో చెప్పారు, ఇది నా ఒక్కదాని బలహీనత కాదంట, డఫీ అనే ఆవిడ 2003లో స్కాట్లండ్‌లో మెంటార్లని, టీచర్లని కూర్చోబెట్టి అడిగితే సరిగ్గా ఇవే కారణాలు బయటపడ్డాయంట. అనుమానం ఉన్నా చెప్పడం ఆలస్యం చేయడం, రాసిపెట్టుకోకపోవడం, చివర్లో బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చేయడం, ఫెయిల్ చేస్తే కాలేజీ మన మాట నిలబెట్టదేమో అన్న భయం. వింటుంటే నన్ను పక్కనుండి చూసి రాసినట్టే ఉంది.

కాబట్టి సిస్టర్, మీరు ఆ పోస్టులోకి వెళ్తే మాకు పెద్ద హ్యాండ్‌బుక్ వద్దు. రెండో వారంలో ఒకసారి మా యూనిట్‌కి రండి. స్టూడెంట్ ఎలా ఉంది అని కాదు, ఏ విషయంలో నీకు భయంగా ఉంది అని అడగండి, అప్పుడు నోరు తెరుస్తాం. అనుమానం వస్తే వెంటనే ఫోన్ చేయడానికి ఒక నంబర్ ఇవ్వండి, ఆ నంబర్‌కి ఎవరో ఒకరు ఎత్తాలి. ఫెయిల్ అని మేం రాస్తే స్టూడెంట్ ముందు మీరూ మాతో పాటు కూర్చోండి. మా ఇప్పటి కోర్స్ మేనేజర్ అలా కూర్చుంటారు, కిందటేడు ఒక స్టూడెంట్‌ని మధ్యలో ఆపాల్సి వచ్చినప్పుడు ఆవిడ డ్యూటీ టైమ్ అయిపోయాక వచ్చి రెండు గంటలు ఉన్నారు. ఆ తర్వాత నాకు ఫెయిల్ అని రాయడానికి చేయి వణకలేదు.

—

మళ్ళీ_స్టూడెంట్ రాశారు:

పైన ఆపిన స్టూడెంట్ లాంటిదాన్నే నేను, వేరే చోట. 16 ఏళ్ళు జనరల్ సర్జరీ వార్డులో చేసి కార్డియాక్ కోర్సులో చేరా. సగం కోర్సులో నన్ను క్లినికల్‌లో ఫెయిల్ చేశారు. నా కంటే పదేళ్ళు చిన్నవాళ్ళ ముందు ఆ మాట విన్నప్పుడు కోర్సు మానేద్దామనుకున్నా, ఇంటికెళ్ళి రిజిగ్నేషన్ లెటర్ కూడా రాసుకున్నా.

మా కోర్స్ మేనేజర్ మేడమ్ మర్నాడు పిలిచి బెన్నర్ 1984లో చెప్పిన ఐదు మెట్లు గీసి చూపించారు, నోవిస్ నుంచి ఎక్స్‌పర్ట్ దాకా. మీరు సర్జరీలో ఎక్స్‌పర్ట్, పేషెంట్ మొహం చూసి చెప్పేస్తారు, కానీ గుండె లయ చూపించే రిథమ్ స్ట్రిప్ ముందు మీరు రెండో మెట్టు మీదున్నారు, అది అవమానం కాదు, కొత్త చోటికి వచ్చిన ఎక్స్‌పర్ట్‌లందరికీ అంతే అన్నారు. తర్వాత ఏ మూడు విషయాల్లో నేను సేఫ్‌గా లేనో రాసిచ్చారు, ఆరు వారాలు టైమ్ ఇచ్చారు, వేరే మెంటార్‌ని పెట్టారు. కొత్త మెంటార్‌కి పాత రిపోర్ట్ నా ముందే ఇచ్చారు, వెనకాల ఏమీ మాట్లాడుకోలేదు. పాసయ్యా. ఇప్పుడు అదే యూనిట్‌లో ఉన్నా.

మీతో నైట్లు చేసినవాళ్ళు మీ స్టూడెంట్స్ అవుతారని భయపడకండి అక్కా. మాకు కావాల్సింది ఎక్కడ తప్పుతున్నామో ముందుగా, సూటిగా, రాతలో చెప్పేవాళ్ళు. ఇంకో మాట, నైట్ దిగి వచ్చి క్లాసులో కూర్చున్న రోజు నాకు ఒక్క ముక్క ఎక్కలేదు, ఆ రూల్ మాత్రం గట్టిగా పట్టుకోండి.

—

ఐసీయూ_నైట్_డ్యూటీ రాశారు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్, ప్రింట్ తీసుకుని మరీ చదివా. వార్డు_మెంటార్ గారూ, మీ సంతకం గురించి చదివాక ఒక విషయం ఒప్పుకోవాలి, నేనూ అలాంటివి రెండు పెట్టాను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఇంకా మూడు సందేహాలు. చేతి పని పోకుండా ఎలా చూసుకుంటారు? వచ్చే బ్యాచ్‌లో నా దగ్గరి స్నేహితురాలు ఉంది, ఆమె విషయంలో ఏం చేయాలి? ఒప్పుకునే ముందు కాలేజీ వాళ్ళని ఏమేం అడగాలి? ఇంకోటి, కాలేజీలో కొత్త సిమ్యులేషన్ ల్యాబ్ వచ్చింది, పోస్టింగులు దొరకని చోట దాంతో భర్తీ చేసేద్దాం అంటున్నారు, అది సరైనదేనా?

—

నియోనేటల్_టీచర్ రాశారు:

సిమ్యులేషన్ మాట నేను చెప్తా. 2014లో అమెరికా నర్సింగ్ బోర్డుల కౌన్సిల్ పెద్ద స్టడీ చేసింది, క్లినికల్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌తో మార్చినా ఫలితాల్లో తేడా రాలేదు. మీ కాలేజీ వాళ్ళు ఇదే చూపిస్తారు. కానీ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. అది బేసిక్ నర్సింగ్ స్టూడెంట్స్ మీద చేసింది, స్పెషాలిటీ వాళ్ళ మీద కాదు. పైగా అక్కడ టీచర్లకి డీబ్రీఫింగ్‌లో, అంటే సీన్ అయ్యాక దాని మీద చర్చ నడపడంలో, ప్రత్యేకంగా ట్రెయినింగ్ ఇచ్చి, ఒక పద్ధతి ప్రకారం చేయించారు. బొమ్మ కొని గదిలో పెట్టినంత మాత్రాన అది రాదు. సీన్ పది నిమిషాలైతే దాని మీద మాట్లాడటానికి కనీసం ఇరవై నిమిషాలు ఉండాలి, అక్కడే నేర్చుకునేది. అరుదుగా వచ్చేవి, నిజం పేషెంట్ మీద నేర్చుకోకూడనివి, ట్యూబ్ ఊడిపోవడం లాంటివి, ల్యాబ్‌లో చేయించండి. రోజూ దొరికే పనిని ల్యాబ్‌కి తోసేయనివ్వకండి.

—

కోర్సు_టేబుల్ రాశారు:

చేతి పని గురించి, ఒప్పుకునే ముందే మాట్లాడి కాగితం మీద పెట్టించుకోండి. నెలకి రెండు షిఫ్టులు నేను ఎమర్జెన్సీలో చేస్తా, నా అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే ఉంది. తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత రాదు, మొదటి ఏడాది పేపర్ వర్కే మింగేస్తుంది. అయితే ఒకటి, మీ స్టూడెంట్‌ని అసెస్ చేస్తున్న షిఫ్టులో అదే యూనిట్‌లో మీరు స్టాఫ్‌గా ఉండకండి, ఆమె మెంటార్ మాట వినాలా మీ మొహం చూడాలా అని నలిగిపోతుంది. నిజం చెప్పాలంటే స్పీడు కొంచెం తగ్గుతుంది, నాకు తగ్గింది, కొత్త మోడల్ పంపు చూసి ఆగాల్సి వచ్చిన రోజులున్నాయి. దానికి బదులు ఒక పని ఎందుకు అలా చేస్తామో ముందుకంటే చాలా లోతుగా తెలిసింది.

స్నేహితురాలి విషయం మొదటి రోజే ఎగ్జామ్ కమిటీకి రాసివ్వండి. ఆమె పేపర్ మీరు దిద్దకండి, ఆమె స్టేషన్‌లో మీరు కూర్చోకండి, ఆమె ఎక్స్‌టెన్షన్ అడిగితే వేరేవాళ్ళు నిర్ణయించాలి. ఆమెతో కూడా ముందే కూర్చుని చెప్పేయండి, ఈ ఏడాది కోర్సు గురించి మనం టీ టైమ్‌లో మాట్లాడుకోం అని. నేను మొదట్లో చెప్పలేదు, చెప్పకుండానే అర్థం చేసుకుంటుందనుకున్నా, చాలా ఇబ్బంది పడ్డాం ఇద్దరం.

ఇక అడగాల్సినవి. గత మూడు బ్యాచ్‌ల ఫైళ్ళు చూపించమనండి: ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు, ఎంతమంది ఫెయిలయ్యారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఇచ్చిన రిపోర్టులు, వాటికి కాలేజీ ఇచ్చిన జవాబులు అడగండి, ఒకే కామెంట్ మూడేళ్ళూ వచ్చిందంటే అక్కడ ఎవరూ దాన్ని పట్టించుకోలేదని. ఆఫీస్ పనికి ఒక అసిస్టెంట్ ఉంటారా లేదా తేల్చుకోండి, లేకపోతే మీరు సర్టిఫికెట్ల ఫోటోకాపీలు తీస్తూ వార్డులకి వెళ్ళలేకపోతారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఫెయిల్ విషయంలో ఆఖరి మాట ఎవరిది అని అడగండి. మెంటార్, మీరు, ఎగ్జామినర్ ముగ్గురూ ఫెయిల్ అన్నాక పైనుంచి ఎవరైనా పాస్ చేయగలరా? ఈ ప్రశ్నకి వాళ్ళు సూటిగా జవాబిస్తే వెళ్ళండి. నీళ్ళు నమిలితే నేనైతే వెళ్ళను.

—

ఐసీయూ_నైట్_డ్యూటీ రాశారు:

అప్‌డేట్ ఇస్తున్నా. నిన్న వెళ్ళి అన్నీ అడిగా. ఫెయిల్ మీద ఆఖరి మాట ఎగ్జామ్ బోర్డుదే, పైనవాళ్ళు మార్చలేరు, రూల్ చూపించారు. నెలకి రెండు షిఫ్టులు ఒప్పుకున్నారు, లెటర్‌లో పెడతామన్నారు. అసిస్టెంట్ సగం టైమ్‌కి మాత్రమే, దాని మీద ఇంకా మాట్లాడుతున్నా.

గత మూడు బ్యాచ్‌లలో క్లినికల్‌లో ఫెయిలైనవాళ్ళు సున్నా. రిటైర్ అవుతున్న మేడమ్‌ని అడిగితే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఆవిడే బీరువా తాళం తీసి పాత లాగ్‌బుక్‌లు ముందు పెట్టారు, చూడమ్మా, నేను చేయలేకపోయింది నీకు కనిపిస్తుంది అన్నారు. మొదటిది తెరిచి వెంటిలేటర్ పేజీ చూశా. 12 స్కిల్స్, 12 సంతకాలు, అన్నీ ఒకే తేదీ, పోస్టింగ్ ఆఖరి రోజు. రెండోది తెరిస్తే అందులోనూ అంతే.

ఒప్పుకున్నా అండి, రాత్రే మెయిల్ పెట్టేశా. ముందుగా ఆ పేజీ మారుస్తున్నా: ఒక్కో స్కిల్‌కి విడిగా తేదీ, ఏ పేషెంట్ పరిస్థితిలో చూశారో రెండు లైన్లు, ఇంకా ఏం సరిగ్గా రాలేదో ఒక లైన్. టైడల్ వాల్యూమ్ దగ్గర పేషెంట్ ఎత్తు రాయడానికి ఒక గడి. డ్రాఫ్ట్ ఆదివారానికి ఇక్కడ పెడతా. వార్డు_మెంటార్ గారూ, డ్యూటీ మధ్యలో నింపేంత టైమ్ దొరుకుతుందా లేదా మీరే చూసి చెప్పాలి.